పొగ త్రాగు వ్యసనమునకు నికోటిను ఒక్కటియే కారణమా?

వరంగల్లు ప్రాంతపు పల్లెలలో కార్తికమాసము వచ్చినదనగా రెండు పనులు జంటగా నడచును. ఒకటి ప్రత్తి యేరుట. రెండవది అయ్యప్ప దీక్ష. నల్లని వస్త్రములు ధరించి, తెల్లవారకమునుపే చన్నీటి స్నానము చేసి, మెడలో మాలతో చేనికి పోవు రైతులను మనమందరము చూచుచునే యున్నాము. ఈ దీక్షయందు మద్యము, మాంసము, పొగాకు నిషిద్ధములు. నిన్నటివరకు దినమునకు రెండు కట్టల బీడీలు కాల్చినవాడు మాల వేసిననాటినుండి 41 దినములు బీడీని ముట్టడు.

మా సంఘ సభ్యుడొకడు, ప్రత్తియు మిరపయు పండించువాడు, ఎరువుల నిమిత్తము కార్యాలయమునకు వచ్చి మాటల సందర్భమున మమ్మొక ప్రశ్న యడిగెను. "అయ్యా, ఏడేండ్లుగా మాల వేయుచున్నాను. ఏడుమార్లు బీడీ మానితిని. ఏడుమార్లును మాల తీసిన రెండు మూడు దినములకే మరల ముట్టించితిని. బీడీలో నికోటిను అను మత్తు కలదనియు, అది రక్తములో జేరి మనిషిని విడువదనియు చెప్పుదురు. అది విడువనిదే యైనచో ఆ 41 దినములు నేనెట్లు గడిపితిని? విడిచిపోయినదే యైనచో మరల నన్నెట్లు పట్టుకొనెను?"

ఈ ప్రశ్న తేలికయైనది కాదు. శాస్త్రజ్ఞులును దీనినే వేఱొక విధముగా వేసికొని అనేక సంవత్సరములుగా పరిశోధించుచున్నారు. వారు తెలిసికొనినదానిని మన సభ్యులకు తెలియు మాటలలో నిచ్చట వ్రాయుచున్నాము. తెగులేదో తెలియక మందు చల్లిన రైతు పైకమును, పంటను గూడ పోగొట్టుకొనును. వ్యసనము విషయమును అట్టిదే.

నికోటిను అనగా నేమి?

నికోటిను రైతునకు క్రొత్తది కాదు. పొగాకు మొక్క దీనిని తన వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపును. తన్ను తినవచ్చు పురుగులనుండి కాపాడుకొనుటకై ఆ మొక్క చేసికొను విషమిది. పొగాకు పండించువారు పూమొగ్గ రాగానే తల త్రుంచుదురు. అట్లు త్రుంచినచో ఆకులలో నికోటిను హెచ్చును. పేనుబంక పట్టిన మొక్కలపై పొగాకు కషాయము చల్లుట మన పెద్దలెఱిగిన పద్ధతియే. నేడు మనము ప్రత్తి, మిరప చేలపై చల్లు ఇమిడాక్లోప్రిడ్ మొదలగు మందులు గూడ పురుగు నరములపై నికోటిను పనిచేయు తీరుననే పనిచేయును. కావుననే వానికి 'నియోనికోటినాయిడ్లు', అనగా నికోటినును బోలిన క్రొత్త మందులు, అని పేరు వచ్చినది.

1560 ప్రాంతమున పోర్చుగల్లులో ఫ్రెంచి రాయబారిగా నుండి పొగాకును తన దేశమునకు పంపిన జాన్ నికో పేరిట ఆ మొక్కకును, దాని విషమునకును పేరు గలిగినది. 1828లో జర్మనీదేశమందలి హైడెల్బర్గున పోసెల్ట్, రైమన్ అను నిరువురు ఆ విషమును మొదటిసారి ఆకునుండి వేఱుచేసిరి. మన దక్కనుకు పొగాకును తెచ్చినవారు పోర్చుగీసులు. బిజాపురమునుండి దానిని అసద్ బేగు అను నుద్యోగి అక్బరు సభకు గొనిపోయెను. అక్బరు కుమారుడు జహంగీరు 1617లో పొగ త్రాగరాదని యుత్తరువు చేసెను. ఉత్తరువు నిలువలేదు, పొగాకు నిలిచినది.

నికోటిను చేయు పని

బీడీ పొగ నొక దమ్ము లోనికి పీల్చినచో, అందలి నికోటిను ఊపిరితిత్తులనుండి రక్తములో కలిసి పది మొదలు ఇరువది సెకండ్లలో మెదడును చేరును. అచ్చట నికోటినును పట్టుకొను గ్రాహకములు కలవు. అవి మేలుకొనగానే డోపమిను అను ద్రవ్యము విడుదల యగును. "ఇది బాగున్నది, మరల చేయుము" అని మెదడు గుర్తుపెట్టుకొనుటకు ఈ ద్రవ్యమే సాధనము. ఏండ్ల తరబడి పొగ త్రాగువానికి ఈ గ్రాహకముల సంఖ్య పెరుగును. నీరు మరగిన పైరు తడి అందనినాడు వాడినట్లు, ఇవియు నికోటిను అందనినాడు మనిషిని వాడజేయును. చిరాకు, నిద్రలేమి, పనియందు మనసు నిలువకుండుట, ఆకలి హెచ్చుట, ఇవి దాని గుర్తులు.

అమెరికా ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి 1988లో ప్రకటించిన నివేదికయందు, పొగాకు మనిషిని బానిస చేయుననియు, అందులకు మూలమైన ద్రవ్యము నికోటినే యనియు స్పష్టముగా చెప్పబడినది. 2015లో ఆ దేశమున ప్రకటితమైన యొక పరీక్ష దీనిని బలపఱచినది. సిగరెట్లు మానదలచని 840 మందిని భాగములుగా జేసి, ఆఱు వారములపాటు కొందఱికి మామూలు సిగరెట్లును, కొందఱికి నికోటిను మిక్కిలి తగ్గించిన సిగరెట్లును ఇచ్చిరి. కడపటి వారమునకు మామూలువి త్రాగినవారు దినమునకు ఇరువదికి పైగా త్రాగుచుండగా, నికోటిను మిక్కిలి తగ్గినవానిని త్రాగినవారు సుమారు పదునైదు పదునాఱుకు దిగిరి. నికోటిను తగ్గగా కోరికయు తగ్గెను.

బీడీ చిన్నది గావున హాని తక్కువ యని మనవారు కొందఱు తలతురు. అది పొరబాటు. బీడీలో పొగాకు సిగరెట్టులో నుండుదానిలో నాల్గవవంతు మాత్రమే యుండును. కాని ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు అడవులనుండి ప్రతి వేసవిలోను మనవారు కోసి కట్టలు కట్టు తునికాకు, సిగరెట్టు కాగితమువలె గాలి చొరనిచ్చునది కాదు. విడువక పీల్చకున్నచో బీడీ ఆరిపోవును. కావున త్రాగువాడు మాటిమాటికి, గట్టిగా పీల్చును. అందుచేత ఆ చిన్న బీడీయే సిగరెట్టుకు తీసిపోనంత నికోటినును, అంతకు మించిన కార్బన్ మోనాక్సైడు విషవాయువును లోనికి పంపును.

ఇంతవరకు నికోటిను నేరము ఋజువైనట్లే. మఱి అది యొక్కటియే నేరస్థుడా?

నికోటిను ఒక్కటియే యైనచో

బీడీ మానదలచువారికై నికోటిను పట్టీలును, నికోటిను గల నమలెడి మందును దుకాణములలో దొరకుచున్నవి. నికోటిను ఒక్కటియే మనిషిని కట్టివేయునదైనచో, పట్టీ నంటించుకొనినవాడు పట్టీకే బానిస కావలెను. అట్టివారు మిక్కిలి యరుదు. మఱియు, రక్తములో నికోటిను ఉన్నది గదా యని బీడీపై కోరిక పూర్తిగా చావవలెను. అదియు జరుగుట లేదు. ఈ మందులు వాడువారు వాడనివారికంటె సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా జయము పొందుచున్నారు. ఇది గొప్ప సహాయమే. అయినను వాడినవారిలో పెక్కుమంది సంవత్సరము తిరుగకమునుపే మరల ముట్టించుచున్నారు.

వంకాయలో గూడ నికోటిను కొంచెము కలదు. ఒక సిగరెట్టు శరీరమునకిచ్చు నికోటిను సుమారు పది కిలోల వంకాయలలో నుండును. అయినను, వంకాయకూర లేక నిద్రపట్టని వానిని మనమెఱుగము. కావున మందు ఉన్నదా లేదా యన్నదే గాక, ఎంత మందు, ఎంత వేగముగా, ఎట్టి తోడుతో వచ్చుచున్నది యన్నది చూడవలెను.

మొదటిది వేగము. పట్టీలోని నికోటిను బిందుసేద్యమువంటిది. గంటలకొలది చుక్కచుక్కగా దిగును. బీడీ పొగలోనిది తెగిన కాలువగట్టు నీరువంటిది. ఒక్క దమ్ముతో మెదడుపై బడును. ఎంత త్వరగా ఫలము కనబడునో అంత గట్టిగా మెదడు ఆ పనిని నేర్చుకొనును. ఖైనీ, గుట్కా నమలువారికి పొగ లేదు. అయినను వారికిని వ్యసనము కలుగుచున్నది. అది పొగకంటె మెల్లగా నెక్కినను, పట్టీకంటె త్వరగానే యెక్కును. పొగ లేనంతమాత్రమున పొగాకు నిరపాయము కాదని వారు గుర్తింపవలెను.

రెండవది పొగలోని యితర ద్రవ్యములు. పొగలో వేలకొలది రసాయనములు కలవు. అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో జోఅన్నా ఫౌలరును, ఆమె తోడివారును 1996లో ఒక విశేషమును ప్రకటించిరి. డోపమినును విఱిచివేయు మోనోఅమైన్ ఆక్సిడేజు బి అను ద్రవ్యము మన మెదడులో కలదు. పొగ త్రాగువారి మెదడులో ఇది త్రాగనివారి మెదడులోకంటె సుమారు 40 శాతము తక్కువగా నుండెను. ఇది నికోటిను చేసిన పని కాదు. పొగలోని వేఱు ద్రవ్యములు చేసిన పని. నికోటిను మడిలోనికి నీరు పెట్టుచుండగా, ఈ ద్రవ్యములు నీరు పోవు తూమును మూయుచున్నవి. రెండును కూడినప్పుడు పొగకు గల బలము నికోటిను ఒక్కదానికి లేదు.

మూడవ పేట

ఇక మూడవది మన సభ్యుని ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగా నున్నది. అమెరికాలోని పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ఎలుకలపై జరిగిన పరీక్షలు 2001లో ప్రకటితమైనవి. ఎలుక యొక మీటను నొక్కినచో నికోటిను అందుచుండెను. దానితోపాటు చిన్న దీపమును వెలుగుచుండెను. పిమ్మట నికోటినును ఇచ్చుచునే, దీపమును మాత్రము తీసివేసిరి. ఎలుకలు మీట నొక్కుట మిక్కిలి తగ్గెను. మందు అందుచున్నను దానికి తోడైన గుర్తు లేకపోయినచో కోరిక సడలినదన్నమాట.

మనుష్యులపై నిట్టి పరీక్షయే 2010లో ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పొగ త్రాగు అలవాటుగల విమానోద్యోగులను ప్రయాణములలో గంటగంటకు వారి కోరిక యెంతయున్నదో చెప్పుమనిరి. మూడు మొదలు ఐదున్నర గంటలు సాగు చిన్న ప్రయాణములు కొన్ని. పది గంటలకు మించిన పెద్ద ప్రయాణములు కొన్ని. నికోటిను తగ్గుటయే కోరికకు కారణమైనచో, ఎన్ని గంటలు గడచిన అంత కోరిక హెచ్చవలెను. అట్లు జరుగలేదు. చిన్న ప్రయాణము చివర కోరిక యెంత తీవ్రముగా నుండెనో, పెద్ద ప్రయాణము చివరను ఇంచుమించు అంతే యుండెను; పెద్ద ప్రయాణపు నడుమ, అదే యన్ని గంటలు గడచినను, తక్కువగా నుండెను. విమానము దిగునన్న తలంపు, ఇక ముట్టించవచ్చునన్న ఆశ, కోరికను లేపినవి. రంజాను మాసమున ఉపవాసముండు మన మహమ్మదీయ సోదరులను అడిగినచో, మధ్యాహ్నముకంటె పొద్దు గ్రుంకు వేళయే కష్టమని కొందఱైనను చెప్పుదురు.

కావున ఈ వ్యసనము ముప్పేట త్రాడు. నికోటిను ఒక పేట. పొగ వేగమును, పొగలోని తక్కిన ద్రవ్యములును రెండవ పేట. వేళ, చోటు, స్నేహితులు, చేతి అలవాటు మూడవ పేట. మొదటి పేట లేక తక్కినవి పుట్టవు; కాని ఒక్క పేట తెగినంతమాత్రమున త్రాడు తెగదు.

దీక్షలోని మర్మము

ఇప్పుడు మన సభ్యుని ప్రశ్నకు వత్తము. రక్తములోని నికోటిను రెండు గంటలకు సగమగును. రెండు మూడు దినములలో ఇంచుమించు మిగులదు. మానినపుడు కలుగు బాధ మొదటి మూడు దినములలోను మిక్కుటమై, రెండు మొదలు నాలుగు వారములలో సాధారణముగా చల్లారును. దీక్ష 41 దినములు. అనగా మాల తీయునాటికి ఆతని రక్తములో నికోటిను లేదు. మానిన బాధయు చాలవఱకు తీరినది. అందఱును కష్టమనెడి మెట్టును ఆతడు ఏడుమార్లు ఎక్కినాడు. ఈ సంగతి యాతనికి తెలియదు, ఎవరును చెప్పలేదు.

మఱి యెందుకు పడిపోయెను? దీక్షలో ఆతని జీవితమంతయు మారెను. లేచు వేళ మారెను. భోజనము మారెను. వస్త్రము మారెను. పేరు గూడ మారి ఊరంతయు 'స్వామీ' యని పిలిచెను. సాయంకాలము హోటలు అరుగు బదులు భజన. స్వామి చేతికి బీడీ యిచ్చు ధైర్యము ఏ స్నేహితునికిని లేదు. మూడవ పేట మొత్తము విప్పబడియుండెను. మాల తీసిననాడు ఇవన్నియు ఒక్క దినముననే తిరిగివచ్చినవి. అదే హోటలు, అదే చాయ, అదే స్నేహితుడు, అదే అగ్గిపెట్టె. ఎనుమాముల మార్కెట్టులో ప్రత్తి బండి ప్రక్కన, కాంటా వంతు వచ్చుదాక రాత్రియంతయు మేలుకొనవలసిన జాగరణము. మెదడు మఱచిపోలేదు, గుర్తు కొఱకు కాచుకొనియుండెను. ఒక్క బీడీ ముట్టించెను. దానితో మొదటి పేటయు మరల పురి యెక్కెను.

మఱియొకటి కలదు. దీక్షకు ముందుగనే ముగింపు దినము నిర్ణయమై యున్నది. విమానోద్యోగుల కోరిక దిగు వేళకు పెరిగినట్లే, మాల తీయు దినమును లెక్కించువాని కోరికయు ఆ దినమునకే కాచుకొని యుండును. దీక్ష చూపిన లోపము కాదిది. దీక్ష భక్తికై యేర్పడినది గాని బీడీ మాన్పుటకు గాదు. దానినుండి పాఠము నేర్చుకొనుట మన పని.

ఈ విచారము మనకెందుకు?

కారణమును తప్పుగా తెలిసికొనుట వలన రెండు నష్టములు కలుగుచున్నవి. అంతయు నికోటిననువాడు, "ఇది నా రక్తములోనే యున్నది, నాచేత కాదు" అని చేతులు ముడుచుకొనును. అంతయు అలవాటనువాడు, మానలేనివానిని "పట్టుదల లేనివాడు" అని నిందించి, మందు వాడుట అవమానమని చెప్పును. ఇరువురును సగము నిజమును పట్టుకొని పూర్తి నష్టము చేయుచున్నారు.

నష్టము సామాన్యమైనది కాదు. కట్టివేయుటలో నికోటినుకు ముఖ్యభాగమున్నను, చంపుటలో ముఖ్యభాగము పొగది. క్యాన్సరును, ఊపిరితిత్తుల వ్యాధిని, గుండెపోటును కలిగించునది ముఖ్యముగా పొగలోని తారును, విషవాయువులును. 2008లో ప్రకటితమైన మన దేశపు పెద్ద పరిశోధనయందు, బీడీ త్రాగు పురుషుల ఆయువులో సగటున 6 సంవత్సరములును, సిగరెట్టు త్రాగు పురుషుల ఆయువులో 10 సంవత్సరములును తగ్గుచున్నట్లు తేలినది. క్షయరోగము వలని మరణములు గూడ పొగ త్రాగువారిలో అధికము. ఒక రైతు ఆఱేండ్లు ముందుగా పోయినచో, సంఘపు అప్పు భార్యా బిడ్డలపై బడును.

లెక్క గూడ చూతము. దినమునకు 20 రూపాయలు పొగకు పోయినచో సంవత్సరమునకు 7,300 రూపాయలు. 45 కిలోల యూరియా సంచి 266 రూపాయల 50 పైసల చొప్పున ఇది 27 సంచుల వెల. ఏటేట 27 సంచుల యూరియాను పొయ్యిలో వేయు రైతును చూచినచో ఊరు నవ్వదా?

చేయదగిన పనులు

మూడు పేటలను మూడు విధములుగా విప్పవలెను.

మొదటి పేటకు వైద్యసహాయము తీసికొనవలెను. నమలెడి నికోటిను మందును చాక్లెట్టువలె విడువక నమలరాదు. కొంచెము నమలి, కారము తగులగానే బుగ్గలో నుంచుకొని, పిమ్మట మరల నమలవలెను. గుండెజబ్బు గలవారును, గర్భవతులును వైద్యుని అడుగక వాడరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున సలహా యడుగుటకు సిగ్గుపడవలసిన పని లేదు. 1800 112 356 అను జాతీయ సహాయ సంఖ్యకు రుసుము లేకుండ మాటలాడవచ్చును.

రెండవ పేటకు ఉపాయమొక్కటియే: పొగను పూర్తిగా మానుట. "దినమునకు రెండే" యనువాడు ప్రతి బీడీని మఱింత గట్టిగా పీల్చి లోటు తీర్చుకొనును.

మూడవ పేటకు దీక్షయే గురువు. మాల తీసిన పిమ్మట మఱి రెండు మాసములైనను చాయ త్రాగు చోటును, వేళను మార్చుడు. అగ్గిపెట్టెను జేబులో నుంచుకొనకుడు. భోజనానంతరము చేతికి వేఱు పని యిండు. సోంపు గింజలో, వేరుసెనగ కాయలో ఒలుచుకొనుడు. మార్కెట్టుకు పోవు రాత్రి, త్రాగని తోడు నొకనిని వెంటబెట్టుకొనుడు. కోరిక వచ్చినచో కొన్ని నిమిషములు ఓపిక పట్టుడు. అల వచ్చి పోయినట్లు పోవును. దీక్షలో గుంపుగా మానినవారు దీక్ష తరువాతను గుంపుగానే నిలువుడు. భార్యతోను, బిడ్డలతోను ముందే చెప్పియుంచుడు.

సంఘములు గూడ తమ వంతు చేయవలెను. 2008 అక్టోబరు 2 మొదలు బహిరంగస్థలములలో పొగ త్రాగుట మన దేశమున నిషిద్ధము. సంఘ సమావేశములలో బీడీ వెలుగకుండ చూచుట మన చేతిలోని పని. మానిన సభ్యుడు మిగిల్చిన పైకమును నెలనెల పొదుపు ఖాతాలో జమకట్టినచో, పుస్తకములోని అంకెయే ఆతనికి ధైర్యము చెప్పును.

బీడీలు చుట్టి బ్రతుకు పేద స్త్రీలను, తునికాకు కోయు అడవిపల్లెలవారిని ఈ మాటలతో మేము నిందించుట లేదు. వారి జీవనమునకు వేఱు మార్గములు చూపుట గూడ సహకారోద్యమపు బాధ్యతయే.

ఆ సభ్యునకు మేము చెప్పిన సమాధానమిది: "నీవు ఏడుమార్లు ఓడిపోలేదు, ఏడుమార్లు సగము గెలిచితివి. 41 దినములు మానుట నీకు వచ్చును. నేర్చుకొనవలసినది 42వ దినము మాత్రమే." ఆతడు ఎరువుల చీటీ మడిచి జేబులో పెట్టుకొని, అదే జేబులోని అగ్గిపెట్టెను తీసి మా బల్లపై నుంచి పోయెను. అది యిప్పటికిని అచ్చటనే యున్నది. ఆతడు మరల అడుగడనియే మా యాశ.